అవ్వ బొంత, జానెడు లెక్క

1877లో షోలాపూర్‌లో మొదటి నూలుమిల్లు వచ్చింది. మగ్గం పనికో, మిల్లు పనికో తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాల్లో మాదీ ఒకటి. ఊరికి చద్దర్లు పేరు తెచ్చాయి గానీ, మా ఇంట్లో కప్పుకున్నది బొంతే. మరాఠీవాళ్లు గోధడి అంటారు. మెత్తబడ్డ నూలు చీరలు పొరలుగా పరిచి, అంచు నుంచి నడిమికి టాకాలు వేసుకుంటూ పోవడమే.

బొంత ఎప్పుడైపోతుందని మా అవ్వ లెక్కేసుకునేది కాదు. "రోజుకు జానెడు" అనేది. పొద్దంతా బీడీలు చుట్టినా సరే, ఆ జానెడు కుట్టాకే పడుకునేది. ఇంట్లో బిడ్డ పుట్టేసరికి బొంత తయారుగా ఉండేది.

అవ్వ పోయాక మేం సరదాకి సూది పట్టాం. ఏడాదికి నాలుగు బొంతలని గోడమీద రాసుకున్నాం. దీపావళికి ఒక్కటీ కాలేదు. అవ్వ సగంలో వదిలినది పెట్టెలోనే ఉండిపోయింది.

పోయినేడు ఆ రాత తుడిచేసి, అవ్వ బొంతనే ముందేసుకున్నాం. రోజుకు జానెడు, అంతే. చెల్లె కానుపుకు వారం ముందే అయిపోయింది. అవ్వ టాకాలు సన్నం, మావి దొడ్డు. ఆమె ఎక్కడ ఆపిందో చూడగానే తెలుస్తుంది. మేం విప్పి మళ్లీ కుట్టలేదు.