పెళ్ళికూతురి జడ, చీర: ఎవరు అల్లారు, ఎవరు నేశారు

ఈ సంచిక ముందు పేజీల్లో పొదుపులు, అప్పులు, రికవరీల లెక్కలు చూశారు. అప్పుల పట్టికలో 'ఇంటి అవసరాలు' అనే వరస ఒకటి ఉంది కదా, అందులో పెళ్ళి ఖర్చు ఎంత ఉంటుందో మనలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పెళ్ళి ఖర్చు అనగానే భోజనాలు, బంగారం, కట్నం గురించి మాట్లాడుకుంటాం. పెళ్ళికూతురి ముస్తాబు గురించి ఎవరూ విడిగా లెక్క వెయ్యరు. ఒకప్పుడు అది లెక్క వెయ్యాల్సిన ఖర్చే కాదు మరి. చీర ఒక్కటే కొనేవాళ్ళు, మిగతాదంతా ఇంటి ఆడవాళ్ళు, ఇరుగుపొరుగు కలిసి చేసేవాళ్ళు. ఇప్పుడు జడకు ఒక ధర, జాకెట్టుకు ఒక ధర, చీర కట్టినందుకు ఒక ధర. ఇది ఎట్లా మారుతూ వచ్చిందో, ఆ డబ్బు ఎవరి చేతికి చేరుతోందో రాద్దామనుకున్నాం.

ముందు పెళ్ళికూతురి వయసు గురించి చెప్పుకోవాలి. అది తెలియకపోతే పాతకాలం ముస్తాబు అర్థం కాదు. వందేళ్ళ కిందట చాలా ఇళ్ళలో పెళ్ళికూతురంటే ఎనిమిదేళ్ళ పిల్ల, పదేళ్ళ పిల్ల. అంత చిన్నదానికి పెద్ద చీర కడితే నిలుస్తుందా? పట్టు పరికిణీయో, కురచ చీరో కట్టేవాళ్ళు. నడుం దాటే జడ ఆ వయసులో ఎవరికి ఉంటుంది? సవరం పెట్టి పొడుగు చేసేవాళ్ళు. మేనమామ పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తెచ్చే వేడుక మన జిల్లాల్లో ఇప్పటికీ ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్లను నలుగురు పట్టుకుని, నవ్వుకుంటూ మోసుకొస్తారు. ఆ బుట్ట మొదట ఎంత పిల్లకు సరిపడా అల్లారో ఆలోచిస్తే మాత్రం నవ్వు రాదు.

1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14 ఏళ్ళు, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలన్నారు. అది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆ మధ్య నెలల్లో, చట్టం వచ్చిపడేలోగా కానిచ్చేద్దామని, చంకలో పిల్లలకు కూడా పెళ్ళిళ్ళు చేసిన ఇళ్ళు ఉన్నాయి. ఆడపిల్ల వయసు 1949లో 15 చేశారు, 1978లో 18 చేశారు. చట్టం ఉన్నంతమాత్రాన అంతా ఆగిపోలేదు, ఇప్పుడూ పూర్తిగా ఆగలేదు. కానీ పెళ్ళికూతురు ఈడు పెరిగాకే చీర ఏ రంగుదో, జాకెట్టు ఎట్లా కుట్టించాలో ఆ పిల్లను అడగడం మొదలైంది. ఎనిమిదేళ్ళ పిల్లను ఏం అడుగుతారు?

ఇక జడ. పూలజడ కుట్టడం చూసినవాళ్ళు మన సంఘాల్లో ఇంకా చాలామంది ఉన్నారు, చిన్నవాళ్ళ కోసం కొంచెం వివరంగా రాస్తున్నాం. తలంటి, ఆరబెట్టి, నూనె రాసి, సవరంతో కలిపి మూడు పాయలు గట్టిగా అల్లుతారు. చివర జడకుప్పెలు కడతారు. మల్లెమొగ్గలు విచ్చుకోకముందే కోయాలి, లేకపోతే కుట్టేసరికే వాడిపోతాయి. జడ వెడల్పుకు అరటిపట్టో, అట్టముక్కో కత్తిరించి, మొగ్గల్ని సూదితో గుచ్చి దాని మీద వరసలుగా పరుస్తారు. అంచులకు కనకాంబరాలు, మధ్యలో మరువం. అదంతా జడకు ఆనించి దారంతో కుట్టేస్తారు. పైన నడినెత్తిన రాగిడి, దాని కింద చామంతిబిళ్ళ, కలిగినవాళ్ళకు నాగరం, పాపిటకు అటూ ఇటూ సూర్యుడు, చంద్రుడు. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలకు మల్లెలు విరివిగా దొరికేవి. మాఘంలో అయితే చామంతులు. శ్రావణంలో మొగలిరేకులు మడిచి జడలో పెట్టేవాళ్ళు, ఆ వాసన వారం దాకా తలను వదలదని పెద్దవాళ్ళు చెబుతారు.

దీనికి ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు మూడు నాలుగు గంటలు కూర్చోవాలి. ఊళ్ళో బాగా కుట్టే ఆవిడ ఒకరు ఉండేది, ఆవిణ్ణి పిలుచుకొచ్చేవాళ్ళు. పని అయ్యాక రవికల గుడ్డ, తాంబూలం. పెళ్ళిలో పనిచేసిన కుమ్మరికీ, చాకలికీ, మంగలికీ ఎంతో కొంత ధాన్యమో కట్నమో ముట్టేది. జడ కుట్టినావిడ చేసింది మాత్రం పని అని ఎవరూ అనలేదు, 'ఆవిడ చెయ్యి మంచిది' అన్నారు.

అందరి ఇళ్ళలో పూలజడలూ పట్టుచీరలూ ఉండేవి అనుకోవద్దు. కూలి చేసుకునే ఇళ్ళలో కొత్త నూలు చీర, తలలో ఒక మూర పూలు, కాళ్ళకు పసుపు, అంతే పెళ్ళి ముస్తాబు. కొన్ని ఊళ్ళలో కింది కులాల పెళ్ళికూతురు మంచి చీర కట్టి ఊరేగితే పెద్దలు సహించేవాళ్ళు కాదు. పాతకాలం పెళ్ళి అందమంతా పోయిందని బాధపడేవాళ్ళు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

సవరం గురించి ఒక మాట. దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకల్ని చుట్టచుట్టి గోడ కన్నంలో దాచడం మన ఇళ్ళలో అలవాటు. వాటితోనే సవరం కట్టించుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ చిక్కు వెంట్రుకలకే వీధిలోకి వచ్చి స్టీలు గిన్నెలు ఇచ్చిపోతున్నారు. ఏలూరులో వెంట్రుకలు శుభ్రం చేసి, పొడుగు ప్రకారం వేరుచేసి పై దేశాలకు పంపే పరిశ్రమే ఉంది. తిరుమలలో భక్తులు ఇచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడవుతాయి. మనం గిన్నెకు ఇచ్చేసిన జుట్టుకు అవతల మంచి ధర పలుకుతుందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఇంత ముచ్చటగా అలంకరించిన జుట్టునే, మొగుడు పోతే కొన్ని కులాల్లో పూర్తిగా తీయించేసేవాళ్ళు. ఆ పిల్లకు పన్నెండేళ్ళైనా సరే. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఊళ్ళో అంత గొడవ ఎందుకయిందో ఈ వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. తలలో పూలు పెట్టుకునే హక్కు పోయిన పిల్లకు మళ్ళీ పూలు పెట్టారు కదా.

చీర సంగతికి వద్దాం. ముహూర్తానికి మధుపర్కాలు కట్టడం కోస్తాలో చాలా ఇళ్ళలో పాత పద్ధతి. తెల్లటి నూలు బట్ట, ఎర్రంచు, పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టింది. పెళ్ళికొడుక్కి పంచె, పెళ్ళికూతురికి చీర, రెండూ ఒకే రకం. పట్టు తర్వాత కడతారు, ఉన్నవాళ్ళు. పట్టు అంటే గద్వాల, ధర్మవరం, కంచి, ఇంకా గొప్పవాళ్ళకు బనారసు. గద్వాల చీరలో మధ్యభాగం నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ మగ్గం మీదే కలిపి నేస్తారు. అప్పటి జరీలో వెండి ఉండేది, వెండి తీగకు బంగారు పూత. చీర చిరిగిపోయాక జరీ కొనేవాడు వచ్చి, కాల్చి వెండి తీసుకుని డబ్బులిచ్చేవాడు. అంటే పెళ్ళిచీర కూడా ఒక పొదుపే. ఇప్పటి చీరల్లో ఎక్కువ భాగం రాగి జరీ, లేకపోతే ప్లాస్టిక్ జరీ. బీరువాలో ఎన్ని చీరలు ఉన్నా, అవసరానికి ఒక్క రూపాయి రాదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బట్ట దొరక్క కంట్రోలు పెట్టారు. కార్డు మీద ఇచ్చే ముతక చీరతోనే పెళ్ళిళ్ళు చేశారు. అప్పటి పెళ్ళికూతుళ్ళు చాలామంది అరువు చీరతో పీటల మీద కూర్చున్నవాళ్ళే. దాన్ని ఎవరూ తక్కువగా చూడలేదు. ఇప్పుడు అద్దె లెహంగా అంటే మొహం ముడుచుకుంటాం.

జాకెట్టుది ఇంకో కథ. మడి పట్టింపు ఉన్న ఇళ్ళలో కుట్టిన బట్ట పీటల మీదికి పనికిరాదనేవాళ్ళు. పెద్దవాళ్ళు ముందు ముడి వేసుకునే రవిక తొడిగేవాళ్ళు, కొన్ని కులాల్లో అదీ లేదు. కుట్టుమిషన్లు ఊళ్ళలోకి వచ్చాక బుట్టచేతుల జాకెట్టు వచ్చింది. తర్వాత ఏ జాకెట్టు కుట్టాలో సినిమా చెప్పింది. 1970లలో వాణిశ్రీ గారి కొప్పు చూసి పెద్ద కొప్పులు పెట్టారు, పెళ్ళికూతుళ్ళు కొందరు జడ మానేశారు కూడా. పెళ్ళికూతురంటే వాలుజడ, బుగ్గన చుక్క, నుదుట బాసికం అని మళ్ళీ గుర్తుచేసింది బాపు గారు. ఆయన గీసిన పెళ్ళికూతురి బొమ్మ శుభలేఖల మీదికి ఎక్కింది, 1991లో 'పెళ్ళి పుస్తకం' సినిమా వచ్చింది. అప్పటికే పెళ్ళిళ్ళకు వీడియో కూడా వచ్చేసింది. మల్లెమొగ్గల జడ చీకట్లో కూడా వాసన వేస్తుంది, వీడియోలో వాసన కనపడదు. లైటు వెలుగులో మెరిసేది కావాలి. రాళ్ళూ, పూసలూ, తళుకు బట్టా పెళ్ళిలోకి ఇట్లా వచ్చాయని మా అభిప్రాయం.

మన సమాఖ్యలో అన్ని ఇళ్ళవాళ్ళూ ఉన్నారు, అన్ని ఇళ్ళలోనూ మారింది. తండాల్లో పెళ్ళయిన ఆడవాళ్ళ జుట్టుకు చెంపల పక్కన వేలాడే వెండి ఘుగ్రి, టోప్లి ఉండేవి. అద్దాల పేటియా, కాంచళి ఇంట్లోనే కుట్టుకునేవాళ్ళు, ఒక్కో జతకు నెలల తరబడి పని. ఇప్పుడు తండా పిల్లలు పెళ్ళికి పట్టుచీర కడుతున్నారు, ఆ అద్దాల పని మాత్రం పట్నంలో సంచుల మీద అమ్ముతున్నారు. హైదరాబాదు ముస్లిం ఇళ్ళలో ఆరు గజాల ఖడా దుపట్టా, తలకు ఒక పక్కన ఝూమర్ ఇప్పటికీ నిలబడ్డాయి. క్రైస్తవుల ఇళ్ళలో తెల్ల చీర, తల మీద ముసుగు. చీర వదలకుండానే ముసుగు కలుపుకున్నారు.

గత ముప్పై ఏళ్ళలో వచ్చిన మార్పు అన్నింటికన్నా పెద్దది. పల్లెల్లో కూడా బ్యూటీ పార్లర్లు వచ్చాయి. నలుగు పెట్టడం కాస్తా 'హల్దీ' అయింది, దానికి పసుపు రంగు డ్రెస్సు వేరే. సంగీత్‌కు లెహంగా, రిసెప్షన్‌కు గౌను. జాకెట్టుకు మగ్గం వర్కు. చీర కన్నా జాకెట్టు ఖరీదైన పెళ్ళిళ్ళు మనం చూస్తూనే ఉన్నాం. మగ్గం వర్కు జాకెట్టు ఒళ్ళు కాస్త మారితే పట్టదు, ఇంకో చీరకు రంగు కలవదు. ఒక్క పూట తొడిగి మడతపెట్టే దానికి నూటికి రూపాయి వడ్డీకి అప్పు తెస్తున్నాం, సంఘం అప్పు సరిపోకపోతే బయట రెండు మూడు రూపాయల వడ్డీకి కూడా. మగపెళ్ళివాళ్ళు ఏమనుకుంటారో అన్న భయం దీని వెనక ఎంత ఉందో, పిల్ల ముచ్చట ఎంత ఉందో ఇంటింటికీ వేరు. 1961 నుంచి వరకట్నం నేరం. ముస్తాబు పేరుతో అడిగేది మాత్రం ఏ కాగితం మీదా ఉండదు.

ఇదే ఖర్చు ఇంకో వైపు మనకు పని. మగ్గం వర్కు చేసే సభ్యులు మనలో ఉన్నారు. నిండు చేతుల జాకెట్టుకు ఇద్దరు కూర్చుంటే నాలుగైదు రోజులు. షాపు పెళ్ళివాళ్ళ దగ్గర తీసుకునేది ఎంత, కర్రకు వంగి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు ఇచ్చేది ఎంత అని అడిగితే సగం కూడా ఉండదు. పూసలు, దారం, ఫ్రేము షాపువాళ్ళవి కాబట్టి అదే ధర అంటారు. ఫ్రేము, సామాను సొంతంగా పెట్టుకుని నేరుగా పెళ్ళివాళ్ళ దగ్గరే ఆర్డరు తీసుకున్నవాళ్ళకు లెక్క మారింది. మచిలీపట్నం దగ్గర చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు ఇళ్ళలోనే చేస్తారు. అలాంటి నగల సెట్టు ఒకటి కలిసి కొనుక్కుని, సభ్యుల పెళ్ళిళ్ళకు తక్కువ అద్దెకు ఇచ్చుకునే సంఘాలు ఉన్నాయి. వడ్డాణం, వంకీలు, జడబిళ్ళలు, పాపిటబిళ్ళ అన్నీ ఒకే డబ్బాలో. పెళ్ళి అయ్యాక రాయి ఊడిందా లేదా చూసి, రిజిస్టరులో సంతకం చేసి తిరిగి పెట్టాలి.

పూలజడ మళ్ళీ అడుగుతున్నారు. బజారులో ప్లాస్టిక్ పూల రెడీమేడ్ జడలు దొరుకుతాయి, ఫొటోలో తేడా తెలియదు. అయినా మల్లెమొగ్గలతోనే కావాలని వచ్చేవాళ్ళు ఉన్నారు. కుట్టడం వచ్చిన పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని చిన్నవాళ్ళు నేర్చుకుంటున్నారు. కొందరు వైశాఖం ముహూర్తాలు మొదలవ్వకముందే మొగ్గల ఖర్చు, దారం, ఎంతమంది ఎన్ని గంటలు కూర్చోవాలో కాగితం మీద వేసి, జడకు ఇంత అని ముందే ధర చెబుతున్నారు. రవికల గుడ్డ, తాంబూలం దానికి అదనం.