నాఖుదా లెక్కపుస్తకము

న్యాయస్థానము కథాస్థలముగా గల నాటకములలో, అవి రంగస్థలముపై ఆడినను టెలివిజనులో వచ్చినను, ప్రేక్షకుని మనస్సున చిరకాలము నిలుచు పాత్ర నిర్దోషియు కాడు, కేవల దుర్మార్గుడును కాడు. ఎదుటివానికి అన్నము పెట్టిన చేతితోనే వానిని బంధించువాడు. ఖతర్ దేశచరిత్రమున అట్టివాడొకడు కలడు. అతడు ముత్యముల వేటకు పోవు పడవకు నాయకుడు. నాఖుదా యని వాని పేరు. అతని పడవపై పనిచేసినవారికి అతడే రక్షకుడు, అతడే ఋణదాత, వివాదము వచ్చినపుడు అతని వ్రాతయే సాక్ష్యము.

దోహా నగరమునకు వాయవ్యముగా సముద్రతీరమున జుబారా యను పాడుపడిన పట్టణము కలదు. పదునెనిమిదవ శతాబ్దమున ముత్యముల వర్తకముచే వర్ధిల్లి, 1811లో శత్రువుల దాడికి ధ్వంసమై, తరువాత కొంత కోలుకొనియు, ఇరువదవ శతాబ్దారంభమునకు అది నిర్జనమయ్యెను. 2013లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. ఆ నేలపై ధాన్యము పండదు. జనులు బ్రతికినది సముద్రగర్భముపై ఆధారపడి. బ్రిటిషు అధికారి లారిమరు పారశీక సింధుశాఖా ప్రాంతములను గూర్చి కూర్చిన బృహద్గ్రంథమున ఖతర్ జనసంఖ్యను సుమారు 27,000 గాను, వేటకు పోవు పడవలను 817 గాను, వానిలోని జనమును 12,890 గాను లెక్కించెను. అనగా కండబలము గల పురుషులలో వేటకు పోనివాడు అరుదు. ఆ ముత్యములే బొంబాయి వర్తకుల చేతుల మీదుగా హైదరాబాదు చేరి, పత్తర్‌గట్టీ అంగళ్ళలో బస్రా ముత్యములను పేర అమ్ముడుపోయి, మన స్త్రీల కంఠములను అలంకరించెను. వాని వెల మనవారెరుగుదురు. వాని వెనుకనున్న ఋణము నెరుగరు.

వేసవి ఆరంభమున పడవలు బయలుదేరి సుమారు నాలుగు మాసములు సముద్రముపైననే యుండెడివి. ముక్కును బిగించు చిన్న పట్టు తగిలించుకొని, కాలికి రాతిబరువు, మెడకు వలసంచి కట్టుకొని, మునుగువాడు బారల కొలది లోతునకు దిగుచుండెను. పైనుండి త్రాడు లాగువాని చేతిలో వాని ప్రాణముండెను. ఈ శ్రమకు నెలజీతమనునది లేదు. వేట ముగిసి ముత్యములు అమ్ముడైన పిమ్మట, పడవకు రావలసిన పాలును తిండిఖర్చులును తీసివేసి, మిగిలిన సొమ్మును భాగములుగా పంచుకొనెడివారు. సాధారణముగా మునుగువానికి మూడు భాగములు, త్రాడు లాగువానికి రెండు, పనిపిల్లవానికి ఒకటి.

పాలు చేతికి వచ్చునంతవరకు ఇంటివారు తినవలెను గదా. అందుచే వేటకు ముందు నాఖుదా కొంత సొమ్ము ముందస్తుగా నిచ్చును. దానిని సలఫ్ అందురు. శీతకాలమున వేట లేనపుడు మరికొంత నిచ్చును, అది తిస్ఖామ్. సొమ్మునకు బదులు బియ్యము, ఖర్జూరము ఇచ్చుటయు కలదు. ఇస్లాము ధర్మము వడ్డీని నిషేధించినను, అరువుసరకు ధర పెంచి వేయుటలో వడ్డీ మారువేషమున ప్రవేశించెను. సంవత్సరాంతమున లెక్క చూచినపుడు మునుగువాని పాలు కంటె అప్పే అధికముగా తేలుట పరిపాటి. ఆ శేషము మరుసటి యేటికి మోయబడును. లెక్కపుస్తకము నాఖుదాది, వానికి చదువు వచ్చును, మునుగువానికి ప్రాయికముగా రాదు. మునుగువాడు వేరొక పడవకు పోదలచినచో, వాని అప్పెంతయో తెలుపు బర్వా యను పత్రము వలయును. క్రొత్త నాఖుదా ఆ అప్పు తీర్చిననే గాని, తనపై వేసికొనిననే గాని వానికి విడుదల లేదు.

ఐనను నాఖుదాను కేవలము పీడకుడని త్రోసివేయుట న్యాయము కాదు. పెక్కుమంది నాఖుదాలు తామే ముత్యముల వర్తకులవద్ద అప్పుపడినవారు. ఆ అప్పునకు బద్ధులై తమ సరకును వర్తకుడు చెప్పిన ధరకే ఇచ్చువారు. బొంబాయిలో ధర పడిపోయినచో ఆ నష్టము మెట్టుమెట్టుగా దిగి, తుదకు నీటి అడుగున నూపిరి బిగబట్టినవానిపై పడుచుండెను. నాఖుదా ఇచ్చు ముందస్తు లేనిదే ఆ కుటుంబములకు శీతకాలము గడువదు. తుఫానులో అతడును వారితోనే యుండెను. కాని మునుగువాడు చనిపోయినచో వాని అప్పు చావదు. కొడుకో తమ్ముడో ఆ అప్పు తీర్చుటకు అదే పడవ నెక్కవలసి వచ్చెడిది. తూర్పు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలును మునుగువారిలో నుండిరి. వారి పాలు వారి యజమానులకే చెందెను. ఖతర్‌లో దాస్యము రద్దయినది 1952లో.

సింధుశాఖా తీరములలో ఈ వివాదములను తీర్చుటకు సాలిఫా యను సభ యుండెను. సముద్రపు ఆచారములెరిగిన అనుభవజ్ఞులు, అనగా నాఖుదాలును వర్తకులును, అందు తీర్పరులు. అందు జాప్యము తక్కువ, వ్యయము తక్కువ. ఇవి చిన్న గుణములు కావు. కాని ప్రతివాది వర్గమువాడే తీర్పరియై, ప్రతివాది స్వహస్తముతో వ్రాసిన పుస్తకమే ప్రధానసాక్ష్యమైనపుడు, తీర్పరి యెంత ధర్మాత్ముడైనను వాదికి మిగులునది ప్రమాణము చేయుట యొక్కటే.

పొరుగుననున్న బహరైనులో 1920ల నాటి సంస్కరణలు ఈ మర్మమును పట్టుకొనెను. ప్రతి మునుగువానికి వాని లెక్కపుస్తకము వాని చేతికే ఇయ్యవలెననియు, తండ్రి అప్పు కొడుకుపై పడరాదనియు నిబంధనలేర్పడెను. అయినను 1926లో ముందస్తు సొమ్మును తగ్గించినపుడు అల్లరి చేసినవారు మునుగువారే. ఎట్లన, బంధించిన ఆ సొమ్మే వారి యింటి అన్నము. అన్నమునకు వేరుమార్గము చూపకయే సంకెల విప్పబోయిన సంస్కర్తలకు ఇది గొప్ప పాఠము. కువైత్‌లో వేటను గూర్చిన చట్టము 1940లో వచ్చెను. అప్పటికే వేట అవసానదశ నుండెను. జపాను దేశీయుడు మికిమోటో పెంపకపు ముత్యములును, 1929 ఆర్థికమాంద్యమును కలిసి ఆ వృత్తిని కూల్చెను. ఖతర్‌లో ఆకలియేండ్లు వచ్చెను, కుటుంబములు వలసపోయెను. దుఖాన్‌లో 1939లో చమురు పడినను, యుద్ధమువలన పని నిలిచి, తొలి ఎగుమతి 1949 చివర గాని జరుగలేదు. 1972 నాటి కువైతీ చలనచిత్రము ‘బస్ యా బహర్’ తండ్రియు కొడుకును ఈ సముద్రమునకు చెల్లించిన మూల్యమును తెరపై నిలిపెను.

ఈ చరిత్రము తెలుగువారికి పరాయిది కాదు. జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి దోహాకు పోవు మనవాడు, మునుగువానివలెనే, పని మొదలుకాకముందే అప్పుపడుచున్నాడు. ఏజెంటుకు చెల్లించుటకు వడ్డీకి తెచ్చినది ఆ సొమ్ము. చిరకాలము యజమాని అనుమతిపత్రము లేనిదే ఉద్యోగము మారుటకు వీలులేకుండెను; అది బర్వాకు వారసురాలు. 2018లో కార్మిక వివాద పరిష్కార సమితులు పనిచేయ నారంభించెను. న్యాయమూర్తి అధ్యక్షతన మూడు వారములలో తీర్పు చెప్పవలెనని వానికి నియమము. 2020 నాటి చట్టములు ఆ అనుమతిపత్రపు నిబంధనను తొలగించి, 1,000 రియాళ్ళ కనీసవేతనమును విధించెను. సాలిఫా సభకు లేని స్వతంత్ర తీర్పరిని, మునుగువానికి లేని నిష్క్రమణహక్కును ఇవి చట్టమున నిలిపినవి. అవి అందరికిని ఆచరణలో అందుట యింకను జరుగవలసిన పని.

మన వైపున జరుగవలసినదియు కలదు. వలస చట్టముక్రింది నియమముల ప్రకారము ఏజెంటు తీసికొనదగిన సేవారుసుము పన్ను కాక 30,000 రూపాయలు మించరాదు. ఈ సంగతి పల్లెపల్లెన తెలియవలెను. చెల్లించిన ప్రతి రూపాయకు రశీదు, కుదుర్చుకొన్న ప్రతి షరతునకు తెలుగులో వ్రాసిన ప్రతి, ఊరు విడుచువాని సంచిలో నుండవలెను. యజమాని దయామయుడైనచో మంచిదే. కాని దయ ఋతువునుబట్టి మారును, వ్రాతపై హక్కు మారదు.