'లోయ': పల్లమా, లోపలా?

'లోయ' దేశ్యపదం. 'లో', 'లోపల', 'లోతు' దీని సోదరపదాలు; తమిళ 'ఉళ్'తో పోల్చితే వర్ణవ్యత్యయం స్పష్టమవుతుంది. లోతు, అంతర్భాగం అనే రెండర్థాలూ ఆ మూలంలోనివే. అయితే వాడుకలో ఏది ప్రధానం? శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాటు ఎక్కితేగాని అరకులోయ రాదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తునున్న ఆ నేల మైదానవాసికి పల్లం కాదు, కొండల నడిమి లోపలిచోటు. కాబట్టి ఈ పేరులో 'లో' లోతును గాక అంతర్భాగాన్నే సూచిస్తుందనడం సమంజసం.

'ఉపత్యక'ను లోయకు పర్యాయంగా వాడే గ్రాంథికాభ్యాసం ఇక్కడే చిక్కు తెస్తుంది. అమరకోశం ప్రకారం ఉపత్యక పర్వతసమీప భూమి, అధిత్యక పర్వతోపరి భూమి. ఆ లెక్కన ఉపత్యక కొండ దిగువనున్న శృంగవరపుకోటే; అరకు అధిత్యకకు చేరువ. కొండల నడుమ ఒదిగిన ఆ ఎత్తు నేలకు దేశ్యమైన 'లోయే' తగిన మాట. మండలనామంగా స్థిరపడిందీ అదే.