కళాపూర్ణోదయం

16వ శతాబ్దంలో పింగళి సూరన రచించిన ఎనిమిది ఆశ్వాసాల ప్రబంధం. పురాణ కథను పెంచి రాయడమే కవులకు అలవాటైన కాలంలో సూరన కథను సొంతంగా కల్పించాడు. అయితే పురాణాన్ని వదిలిపెట్టలేదు. ద్వారక, శ్రీకృష్ణుడి అంతఃపురం, తుంబురుడిపై పంతంతో అక్కడ సంగీతం నేర్చుకునే నారదుడు పాఠకుడికి ముందే తెలుసు. ఆ పరిచయాన్ని ఆసరాగా చేసుకునే కవి కలభాషిణి, మణికంధరుడు వంటి కొత్త పాత్రలను నమ్మించగలిగాడు.

కథ నడక చిక్కుముడి లాంటిది. బ్రహ్మ సరస్వతికి సరదాగా చెప్పిన కథ భూమ్మీద నిజంగా జరిగి తీరుతుంది. అందులోని మనుషులకు తామే ఆ కథలోని పాత్రలమని మొదట తెలియదు. కల్పనకు లోకాన్ని సృష్టించే శక్తి ఉందన్న ఊహను ఇంత ధైర్యంగా కథగా మలిచిన కావ్యం తెలుగులో మరొకటి లేదు. ఇంత అద్భుతం మధ్యనే సుగాత్రీ శాలీనుల కాపురం కనిపిస్తుంది: నగలతో అలంకరించుకుని వచ్చిన భార్యను పలకరించని శాలీనుడు, ఆమె నగలు తీసేసి తోటపనిలో చెమటోడుస్తుంటే మనసు పడతాడు. ఈ ఘట్టం నేటి నవలలోనూ ఇమిడిపోతుంది.

కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము'లో ఈ కావ్యాన్ని విస్తారంగా చర్చించారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఆంగ్లానువాదం 2002లో వెలువడింది.