ఆపేసిన బల్బులో కరెంటు

మా చిన్నాన్న హోసూరు పక్కన చామంతి నారు పెంచుతాడు. తల్లి మొక్కలు ఒక షెడ్డులో ఉంటాయి. వాటి కొమ్మల చివర్లు తుంచి, వేర్లు పట్టించి రైతులకు అమ్ముతాడు. తల్లి మొక్కకు మొగ్గ వచ్చిందంటే ఆ కొమ్మ నారుకు పనికిరాదు. అందుకని రాత్రిపూట షెడ్డులో బల్బులు వెలిగిస్తారు. మా వైపు రాత్రి బస్సులో పోయినవాళ్ళు తోటల్లో వరసగా వెలిగే బల్బులు చూసే ఉంటారు. పెళ్ళి అనుకునేరు, అది చామంతికి!

పోయిన డిసెంబరులో ఒక రాత్రి, బల్బులన్నీ ఆరిపోయి ఉన్నప్పుడు, మాడిపోయిన బల్బు ఒకటి మార్చబోయాడు. పాతది తీసి కొత్తది పెడుతుంటే వేలు హోల్డరు పిన్నుకు తగిలింది. షాక్ కొట్టి వెనక్కి పడ్డాడు. పడ్డాడు కాబట్టే చెయ్యి విడిపోయింది, లేకుంటే ఏమయ్యేదో. "ఆపేసే ఉంది కదరా, ఎట్లా కొట్టింది?" అని ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ అదే మాట. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోయి నేను నూట ఎనభై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాను. సైన్సు సారు, సోషల్ సారు ఇద్దరూ సాయం చేశారు.

ముందు మొక్కకు కరెంటు దీపం ఎందుకు పెట్టారో చెప్పాలి. 1880లో ఇంగ్లండులో విలియం సీమెన్స్ అనే ఇంజనీరు తన తోటలో ఆర్కు దీపం వెలిగించి, రాత్రి కూడా మొక్కలు పెరుగుతాయా అని చూశాడు. పెరిగాయి. కానీ దీపం అడ్డం లేకుండా నేరుగా తగిలిన ఆకులు దెబ్బతిన్నాయి. మధ్యలో అద్దం పెడితే బాగున్నాయి. అంటే మొదటిరోజునుంచే ఈ దీపంతో జాగ్రత్త అవసరమయింది, అప్పుడు మొక్కకు, ఇప్పుడు మనిషికి.

చామంతి సంగతి తేల్చింది మాత్రం అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. వాళ్ళ దగ్గర ఒక రకం పొగాకు ఎండాకాలంలో ఎంత పెరిగినా పూసేది కాదు. రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి పగటిని తగ్గించారు, పూసింది. 1920లో ఆ సంగతి ప్రచురించారు. తరువాత 1938లో హామ్నర్, బానర్ ఇంకో మెట్టు ఎక్కారు. మన గట్ల మీద మొలిచే మరులమాతంగి జాతి మొక్క మీద వాళ్ళు పరీక్ష చేశారు. మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని అని తేలింది. పొడుగు రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే చాలు, మొక్క దాన్ని పొడుగు రాత్రిగా లెక్కపెట్టదు, పూయదు. చామంతి కూడా ఈ తరగతిదే.

మరి అర్ధరాత్రి లేచి రోజూ స్విచ్ వేసేదెవరు? చిన్నాన్న రెండేళ్ళు తనే లేచాడు. తరువాత టైమరు, రిలే బోర్డు కొన్నాడు.

రిలే అనే మాట మొదట కరెంటుది కాదు. దూరం పోయేవాళ్ళకు దారిలో అలసిన గుర్రం బదులు ఇచ్చే కొత్త గుర్రాన్ని అలా అనేవాళ్ళు. మన దగ్గర తపాలు మోసేవాళ్ళు కూడా అంతే, ఒకడు కొంత దూరం పరుగెత్తి సంచి ఇంకొకడి చేతిలో పెట్టేవాడు. 1835 ప్రాంతంలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జోసెఫ్ హెన్రీ ఇదే పనిని విద్యుదయస్కాంతంతో చేయించాడు. దూరం నుంచి వచ్చే బలహీనమైన కరెంటు ఒక చిన్న అయస్కాంతాన్ని కదిలిస్తే, అది ఇంకో పెద్ద వలయాన్ని తెరుస్తుంది, మూస్తుంది. హెన్రీ దానికి పేటెంటు కూడా తీసుకోలేదు. 1844లో వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు మోర్స్ వేసిన టెలిగ్రాఫ్ రిలేలతోనే నడిచింది.

ఆ రోజుల్లో రిలేకు రెండు వైపులా ఉన్నది బ్యాటరీ కరెంటే. తరువాత ఊళ్ళలోకి పెద్ద కరెంటు వచ్చింది. మనకు దగ్గరలో చూస్తే, 1902లో శివనసముద్రం జలపాతం నుంచి కోలారు బంగారు గనులకు, 1905లో బెంగళూరు వీధి దీపాలకు వచ్చింది. అప్పటి నుంచి రిలే స్వభావం మారిపోయింది. చిన్నాన్న షెడ్డులోని నీలిరంగు డబ్బీలో ఒకవైపు 5 వోల్టులు, ఇంకోవైపు 230. రెండింటి మధ్య ఉండేది కొద్దిపాటి ఖాళీ, కొంచెం ప్లాస్టిక్. తడి, దుమ్ము చేరితే ఆ కాస్త కూడా నమ్మలేం. మొక్కల షెడ్డులో తడికి కొదవేముంది?

కానీ చిన్నాన్నను కొట్టింది అది కాదు. మా బంధువుల్లో ఒక అనుభవమున్న వైర్‌మన్ వచ్చి పెట్టె విప్పి చూసి తల పట్టుకున్నాడు. షెడ్డు అంతా ఒకే ఎర్ర వైరు. ఫేజుకూ అదే, న్యూట్రలుకూ అదే. రిలే కూర్చున్నది న్యూట్రలులో! రిలే ఆఫ్ అయితే బల్బు ఆరుతుంది, నిజమే. కానీ ఫేజు హోల్డరు దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. బల్బు ఆరడం వేరు, కరెంటు పోవడం వేరు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 32వ నియమం, ఎర్త్ చేసిన న్యూట్రలులో విడిగా స్విచ్ పెట్టకూడదని, పెడితే ఫేజుతో కలిసి ఒకేసారి తెగేదే పెట్టాలని చెప్పింది. మా చిన్నాన్న పుట్టకముందే రాసిన మాట.

"మరి ట్రిప్పు ఎందుకు పడలేదు మామా?" అని అడిగాను. లెక్క వేసి చూడు అన్నాడు. 9 వాట్ల బల్బు తీసుకునేది సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. బర్క్‌లీలో డాల్జీల్ అనే ప్రొఫెసరు ఒప్పుకున్న మనుషుల మీదే పరీక్షలు చేశాడు. సగటు మగవాడు 16 మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టుకున్న వైరును తనంతట వదల్లేడని ఆయన లెక్క. చిన్న బల్బు వాడుకునే దానిలో సగం కూడా కాదు! 6 ఆంపియర్ల ఎంసీబీకి అది ఆనదు. ఎంసీబీ కాపాడేది వైరును. మనిషిని కాపాడటానికి వేరే పరికరం కావాలి. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూసి, తేడా వస్తే కట్ చేస్తుంది. డాల్జీల్ కూడా 1960 దశకంలో అలాంటిదొకటి చేశాడు. మన దగ్గర ఆర్‌సీసీబీ అంటాం. ఒకచేత్తో ఫేజు, ఇంకోచేత్తో న్యూట్రలు పట్టుకుంటే అది కూడా ఏమీ చెయ్యలేదని మామ నవ్వకుండా చెప్పాడు.

ఇప్పుడు షెడ్డులో వైర్లన్నీ మార్చారు. ఫేజుకు ఎరుపు, న్యూట్రలుకు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ. ఎల్‌ఈడీలు అన్నీ ఒకేసారి వెలిగినప్పుడు ఒక్క క్షణం లాగే కరెంటుకు చిన్న రిలే కాంటాక్టు అతుక్కుపోవచ్చట. అందుకని రిలే ఇప్పుడు కాంటాక్టరుకు మాత్రం కబురు చెబుతుంది, బల్బుల బరువు కాంటాక్టరు మోస్తుంది. మళ్ళీ గుర్రం మార్చినట్టే. బోర్డు తడి తగలని మూత పెట్టెలో ఉంది. ముందర రెండు వైర్లనూ కలిపి తెంచే మెయిన్ స్విచ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టారు.

వైర్లు ముట్టే పని నాకివ్వలేదు. నెల మొదటి తేదీన ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కడం మాత్రం నాది. టక్కుమని షెడ్డంతా చీకటి అవుతుంది. చిన్నాన్న ఇప్పుడు మెయిన్ తెంచి, టెస్టరును ముందు వెలుగుతున్న చోట పెట్టి పనిచేస్తోందని చూసుకుని, తరువాత హోల్డరు దగ్గర చూసి, అప్పుడు బల్బు ముడతాడు. పిన్ని మాత్రం ఆయన దిగేదాకా స్టూలు పట్టుకునే ఉంటుంది.