లెక్క విప్పి చెప్పిన చోటే నమ్మకం

తిరువూరు మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారిలో దక్షిణానికి వెళ్తే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. ఉత్తరానికి వెళ్తే సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెం వస్తుంది. మధ్యలో సత్తుపల్లి వైపు మళ్లితే ఓపెన్‌కాస్ట్ గనులు. 2014లో రాష్ట్రం రెండై, ఆ గనులు సరిహద్దుకు అవతల ఉండిపోయాయి. అయినా యాజమాన్యానికీ కార్మికుడికీ మధ్య సంబంధం తెలుగు నేల మీద ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవాలంటే తిరువూరు వాళ్లకు ఇంతకన్నా దగ్గరి పాఠం లేదు.

ఇల్లెందు ప్రాంతంలో విలియం కింగ్ 1871లో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది. 1920లో అది సింగరేణి కాలరీస్‌గా మారింది. ఆ రోజుల్లో ఠేకాదారు మాటే చట్టం. పనివాడితో సంబంధమంటే కూలి డబ్బులు, గద్దింపు. 1940లలో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్‌బహదూర్ గౌర్ వంటి నాయకులు హైదరాబాద్ సంస్థానంలో కార్మిక సంఘాలు నిర్మించాక, కూలి మనిషి మొదటిసారి తన గోడు పదిమందితో కలిసి వినిపించాడు.

ఆ గోడు ఎక్కడ తేలాలి? కోర్టులోనా, బల్లకు అటూ ఇటూ కూర్చునా? ఈ ప్రశ్నకు తెగేసి జవాబు చెప్పినవాడు బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి.గిరి. రైల్వే కార్మికుల మధ్య ఎదిగిన ఆయన 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ప్రభుత్వం నిర్బంధంగా చెప్పే తీర్పుకన్నా ఇరుపక్షాలూ మాట్లాడుకుని కుదుర్చుకునే ఒప్పందమే నిలుస్తుందని ఆయన వాదం. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినప్పుడు, 1954లో, పదవినే వదులుకున్నారు. మాట్లాడుకోవడం కూడా నేర్చుకోవలసిన పనేనని దేశం మెల్లగా గుర్తించింది. 1958లో కార్మిక విద్యా మండలి ఏర్పడింది. 1974లో పుట్టిన జాతీయ కార్మిక సంస్థకు 1995లో గిరి పేరే పెట్టారు.

అదే కాలంలో మేనేజర్లకు, యజమానులకు కూడా బడులు వెలిశాయి. 1956లో హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, 1962లో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్ వచ్చాయి. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో సియెట్‌తో కలిసి చేసిన ప్రయోగానికి ఎంచుకున్న ఊరు కాకినాడ. అక్కడి 52 మంది వ్యాపారులను జట్లుజట్లుగా హైదరాబాద్ రప్పించారు. బొమ్మలు చూపించి కథలు రాయించారు, ఆటలాడించారు, ఎవరి లక్ష్యం వాళ్లే రాసుకునేలా చేశారు. సాధించాలనే తపన పుట్టుకతో రావాల్సిన పని లేదు, నేర్పితే పెరుగుతుందన్నది పరిశోధకులు పరీక్షించదలచిన మాట. శిక్షణ పొందినవాళ్లు పొందనివాళ్లకన్నా ఎక్కువగా కొత్త వ్యాపారాల్లోకి దిగారని, ఎక్కువమందికి పని కల్పించారని ఈ ప్రయోగంపై 1969లో వెలువడిన పుస్తకం తేల్చింది. మోటివేషన్ క్లాసు అనే మాట ఇప్పుడు ఊరూరా వినిపిస్తోంది గానీ, ప్రపంచం చెప్పుకునే తొలి పాఠాల్లో ఒకటి మన గోదావరి సీమదే. అయితే అందులో కూర్చున్నది యజమానులు. వాళ్ల షెడ్డులో పని చేసేవాడికి ఉత్సాహం ఎలా వస్తుందన్న ప్రశ్న మిగిలిపోయింది.

దానికి జవాబు చివరికి బొగ్గు బాయిలోనే దొరికింది, కానీ ముందు అక్కడి శిక్షణ ఎలాంటిదో చూడాలి. 1966 నిబంధనల ప్రకారం శిక్షణ లేకుండా ఎవరినీ గని పనిలో పెట్టకూడదు. వృత్తి శిక్షణ ఇచ్చే వీటీ సెంటర్‌లో కొత్తవాడికి నేర్పే పనుల్లో ఒకటి పైకప్పును కర్రతో తట్టి చూడటం. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల విడిపోయిన కప్పు డొల్లగా మోగుతుంది. ఆ తేడా చెవికి పట్టినవాడే బతికి బయటికి వస్తాడు.

కప్పు డొల్లతనాన్ని వినడం కార్మికుడికి నేర్పిన సంస్థ తన కార్మికుడి గుండె చప్పుడు వినలేకపోయింది. ఒక్కరోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోస్తామన్నందుకు 1981లో 56 రోజులు సింగరేణి గనులు ఆగాయి. 1990ల మొదట్లో ఏడాదికి వందల సమ్మెలు. ఏ గనిలో ఎవరు ఎందుకు ఆపారో తెలిసేలోపే ఇంకో గని ఆగేది. నష్టాలు పేరుకుని సింగరేణి రెండుసార్లు, ఖాయిలా పడ్డ సంస్థల సంగతి చూసే బీఐఎఫ్ఆర్ గడప ఎక్కింది.

అప్పుడు జరిగిన మార్పు చూడండి. వివిధ విభాగాల అధికారులు జట్టుగా గనుల దగ్గరికి వెళ్లి, టన్ను బొగ్గుకు ఎంత ఖర్చవుతోంది, ఎంతకు అమ్ముతున్నాం, ఎందుకు మునుగుతున్నాం అని కార్మికుల ముందే లెక్క విప్పారు. ఎవరితో మాట్లాడాలన్న తగువు తీరడానికి 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నిక పెట్టారు. మొదటి గెలుపు ఏఐటీయూసీది. లాభాల్లోకి వచ్చాక 1999-2000లో పది శాతం వాటా కార్మికులకు ఇచ్చారు. అది పెరుగుతూ 2022-23కు 32 శాతానికి చేరింది. దసరా ముందు ఆ వాటా మాట కోసం బొగ్గు ప్రాంతంలో ప్రతి ఇల్లూ ఎదురుచూస్తుంది.

ఇందులో లోటు లేదనను. 2023-24లో 33 శాతం ప్రకటించినా, లాభంలో పెద్ద భాగాన్ని పెట్టుబడులకు పక్కన పెట్టి మిగిలినదాని మీదే లెక్క కట్టారని సంఘాలు నిలదీశాయి. ఆ ఏడాదే మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా 5,000 రూపాయలు ఇచ్చారు. అదే మట్టి, అదే దుమ్ము, అదే షిఫ్టు చేసే మనిషికి అంత ఆలస్యంగా, అంత తక్కువగా దక్కడం న్యాయం కాదు. కానీ నిలదీయడానికి కూడా చేతిలో ఒక లెక్క ఉంది. 1981లో ఉన్నది జీతం కోత ఆర్డరు మాత్రమే.

నూట యాభై ఏళ్ల ఈ కథ చెప్పేది ఒక్కటే. ఉపన్యాసం ఇచ్చే హుషారు సాయంత్రం దాకా ఉంటుంది. లెక్క చెప్పి, మాట అడిగి, ఫలితంలో వాటా ఇస్తే అది ఏళ్ల తరబడి నిలుస్తుంది.

తిరువూరులో బొగ్గు గనులు లేవు. రైసు మిల్లులు, మామిడి షెడ్లు, దుకాణాలు, ఆసుపత్రులు, బడులు ఉన్నాయి. యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చునే వర్క్స్ కమిటీకి చట్టం పెట్టిన హద్దు వంద మంది కనుక ఇక్కడ చాలా చోట్ల అది వర్తించదు. కానీ ఇరవై మంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని, అందులో యజమాని మనుషులూ పనివాళ్లూ సమానంగా ఉండాలని చట్టంలోనే ఉంది. ఇరవైకి తక్కువైతే కమిటీ కూడా అక్కర్లేదు. నెలకొకసారి అందరినీ కూర్చోబెట్టి, ఈ నెల వచ్చిందెంత, పోయిందెంత అని చెప్పి, మీ ఇబ్బంది ఏమిటని అడిగితే చాలు. మన ఊరి యజమానులు ఈ నెలాఖరునే ఆ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.