బీజీఎంఐ స్కోప్ నుంచి నిజామియా దుర్భిణీ దాకా: ఎన్ని రెట్లు కావాలి?

విద్యానగర్‌లో మా సందు చివర చాయ్ బండి దగ్గర సాయంత్రమైతే చాలు, కుర్రాళ్లు ఫోన్లు అడ్డంగా పట్టుకుని బీజీఎంఐ మొదలుపెడతారు. ఒకడు "అరేయ్, సిక్స్ ఎక్స్ దొరికింది" అంటాడు. ఇంకొకడు "అది నువ్వే పెట్టుకో, నాకు రెడ్ డాట్ చాలు" అంటాడు. ఈ పంచాయితీ గేమ్‌లో పుట్టింది కాదు. దీనికి నూట ఇరవై ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. అందులో ఒక ముక్క మన ఉస్మానియా యూనివర్సిటీదే. ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. ఇది తుపాకీ కొనమని చెప్పే ఎపిసోడ్ కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద మన దగ్గర వేట బంద్. రైఫిల్‌కి లైసెన్స్ కావాలి. నేను చెప్పేది అద్దాల కథ.

గేమ్‌లో రెండు స్కోపులు విడివిడిగా మోస్తారు కదా. నిజం రైఫిల్ మీద ఆ రెండు పనులూ ఒక్కటే చేయాలని పుట్టింది ఎల్పీవీఓ. అంటే తక్కువ రెట్ల జూమ్ స్కోప్. రింగు తిప్పితే 1 నుంచి 4, 1 నుంచి 6, 1 నుంచి 8, ఇప్పుడైతే 1 నుంచి 10 రెట్ల దాకా వెళ్తుంది. యూరప్‌లో అడవి పందుల్ని తోలి వేటాడేవాళ్లు ఇలాంటివి ఎప్పటి నుంచో వాడుతున్నారు. పంది ఇరవై అడుగుల దూరంలో పొదలోంచి దూకొచ్చు, వంద గజాల అవతల పరిగెత్తొచ్చు. తర్వాత షూటింగ్ పోటీలవాళ్లు పట్టుకున్నారు. 2020లో అమెరికా మెరైన్లు, 2022లో అమెరికా ఆర్మీ 1 నుంచి 8 రెట్ల వాటినే ఎంచుకున్నాయి.

ఇప్పుడు హైదరాబాద్‌కి రండి. సంవత్సరం 1901. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం. ఆయన దగ్గర రక్షణ శాఖ చూసే నవాబ్ జఫర్ జంగ్‌కి ఆకాశం పిచ్చి. ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి ఫిసల్‌బండలో అబ్జర్వేటరీ పెట్టాడు. నిజాం పేరు మీద దానికి నిజామియా అని పేరొచ్చింది. ఆ టెలిస్కోప్ తయారుచేసింది గ్రబ్ కంపెనీ. దాని యజమాని సర్ హోవర్డ్ గ్రబ్, ఐర్లండ్‌లో డబ్లిన్ మనిషి.

అసలు విషయం ఇక్కడుంది. ప్రపంచానికి పెద్ద పెద్ద దుర్భిణీలు చేసిచ్చిన ఈ గ్రబ్ 1900లో తుపాకీ కోసం ఒక గురి సాధనం కనిపెట్టాడు. అది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది? అస్సలు చూపించదు! వాలుగా పెట్టిన గాజు పలక మీద వెలుగుతో ఒక గుర్తు పడుతుంది. ఆ గుర్తు గాజు మీద కాకుండా ఎక్కడో దూరంగా, గురి దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. కన్ను కొంచెం అటూ ఇటూ జరిగినా గుర్తు గురిని వదలదు. రెండు కళ్లూ తెరిచే చూడొచ్చు. 1918లో జర్మన్ యుద్ధ విమానాల్లో ఇలాంటివి పెట్టారు. గేమ్‌లో మీరు తీసుకునే రెడ్ డాట్ దాని మునిమనవడే. దూరాన్ని దగ్గర చేయడమే వృత్తిగా బతికిన మనిషి, గురి పెట్టడానికి మాత్రం దగ్గర చేయడం అక్కర్లేదనుకున్నాడు. నాకు ఆయనలో బాగా నచ్చింది ఇదే.

ఎందుకలా అనుకున్నాడు? రెట్లు పెరిగితే ఊరికే పెరగవు. ఫోన్‌లో జూమ్ చేసి చూడండి. చెయ్యి వణుకు కూడా పెద్దదవుతుంది, పక్కన ఏముందో కనబడదు. ఇంకోటి వెలుగు. స్కోప్ ముందు అద్దం వెడల్పుని రెట్లతో భాగించండి. వచ్చేది కంటిలోకి దిగే వెలుగు వలయం. ఈ స్కోపుల ముందు అద్దం ఎక్కువగా 24 మిల్లీమీటర్లు. 6 రెట్ల దగ్గర 4 మిల్లీమీటర్ల వలయం వస్తుంది. 10 రెట్ల దగ్గర 2.4 మాత్రమే. చీకట్లో కుర్రాళ్ల కనుపాప దాదాపు 7 దాకా విప్పుకుంటుంది. అంటే పొద్దుగూకాక ఆ 10 అనే అంకె పెట్టె మీద గొప్పగా ఉంటుంది గానీ, కంటికి బొమ్మ మసకే.

ఇదే లెక్క మన 15 అంగుళాల గ్రబ్‌కి వేయండి. అంటే 381 మిల్లీమీటర్లు. అక్కడ 4 మిల్లీమీటర్ల వలయం రావాలంటే 95 రెట్లు పెట్టొచ్చు! సూత్రం ఒక్కటే, అద్దం మారింది. అందుకే అబ్జర్వేటరీవాళ్లు రెట్ల గురించి గొప్పలు చెప్పుకోరు, అద్దం ఎన్ని అంగుళాలో చెప్తారు.

కాబట్టి 1–6 మంచిదా 1–10 మంచిదా అని ఎవరైనా నన్నడిగితే, ముందు ఆ ఒకటి నిజంగా ఒకటేనా చూడమంటాను. రెండు కళ్లూ తెరిచి చూస్తే లోపలి గోడ, బయటి గోడ ఒకే సైజులో కలవాలి. కలవకపోతే దగ్గర పనికి అది రెడ్ డాట్ కాదు. తర్వాత గీతల సంగతి. కొన్నింట్లో జూమ్‌తో పాటు గీతలూ పెరుగుతాయి. ఏ రెట్టు దగ్గరైనా కొలత సరిపోతుంది, కానీ 1 దగ్గర గీతలు వెంట్రుకలంత సన్నమైపోతాయి. కొన్నింట్లో గీతలు మారవు, కానీ వాటితో కొలత ఒకే రెట్టు దగ్గర, ఎక్కువగా చివరి రెట్టు దగ్గర, కరెక్టు. దగ్గర పనే ఎక్కువైతే నా ఓటు 1–6కి, మారని గీతలకి. దూరం కొలవడమే పనైతే 1–8, పెరిగే గీతలు. బరువు, ధర కూడా ఉన్నాయి, అవి ఎవరి జేబు వాళ్లది.

ఇక్కడ ఒక హైదరాబాదీని మర్చిపోకూడదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ పోటీలో టెలిస్కోప్ స్కోపే ఉండదు. చిన్న కన్నంలోంచి ముందున్న రింగు చూసి కొట్టాలి.

మరి నవాబుగారి టెలిస్కోప్ ఏమైంది? ఆయన 1907లో పోయాడు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం అబ్జర్వేటరీని తీసుకుంది, తర్వాత బేగంపేటకి మార్చింది. 1919లో అప్పుడే పుట్టిన ఉస్మానియా చేతికొచ్చింది. మన గ్రబ్‌ని అక్కడ నిలబెట్టింది 1922లో. ఈలోగా పక్కనున్న 8 అంగుళాల కుక్ కెమెరా దుర్భిణీతో మనవాళ్లు అంతర్జాతీయ నక్షత్రాల పట్టికలో తమ వాటా ఆకాశాన్ని ఫోటోలు తీస్తూ పోయారు. 7 లక్షలకు పైగా నక్షత్రాలు లెక్కకెక్కాయి.

తర్వాత బేగంపేట చుట్టూ ఊరు పెరిగింది, లైట్లు పెరిగాయి. అద్దం అదే, ఆకాశం అదే, చీకటి మాత్రం పోయింది. ఎన్ని రెట్లు పెట్టినా పోయిన చీకటి తిరిగి రాదు కదా. అందుకే 1960ల చివర్లో యూనివర్సిటీ యాభై కిలోమీటర్ల అవతల జపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సరిగ్గా ఆ కొండ మీదుగా వెళ్లింది.

బేగంపేట ఆవరణలో ఇప్పుడు సెస్ అనే పరిశోధన సంస్థ ఉంది. పాత గుమ్మటం చెట్ల మధ్య పాడుబడి ఉంది. అటు వెళ్తే ఒకసారి తలెత్తి చూడండి. ఆ 7 లక్షల నక్షత్రాల్ని ఎవరు, ఎలా లెక్కపెట్టారో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.